పొద్దున్నే పరుగు: పరగడుపునా, తిని వెళ్ళాలా?

కిందటి ఎపిసోడ్‌లో బూట్ల గురించి చెప్పుకున్నాం కదా. ఆ తర్వాత బీచ్ రోడ్డులో కనిపించిన ప్రతి ఒక్కరూ నన్ను అడిగింది బూట్ల గురించి కాదు. "గురువుగారూ, పరిగెత్తే ముందు ఏమన్నా తినాలా, వద్దా?" అని. సరే, ఇవాళ అదే మాట్లాడుకుందాం. ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. నాకు 47 ఏళ్ళు, ఐదేళ్ళుగా షుగరు ఉంది. నాలుగేళ్ళుగా పరిగెత్తుతున్నాను. ఇవాళ చెప్పేదాంట్లో సగం నేను చేసిన తప్పు.

పరగడుపున పరిగెత్తడం అంటే నాకు అదో గొప్ప. కాఫీ చుక్క కూడా ముట్టకుండా పొద్దున 5 గంటలకి ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. "ఖాళీ కడుపుతో పరిగెత్తితే కొవ్వు కరుగుతుంది, షుగరు దిగుతుంది" అని మా రన్నింగ్ గ్రూపులో ఉపన్యాసాలు కూడా ఇచ్చేవాణ్ణి. ఐదారు కిలోమీటర్లు పరిగెత్తినన్నాళ్ళూ ఏమీ కాలేదు. దాంతో నా మాటే నిజమనుకున్నాను.

ఒక ఆదివారం రుషికొండ దాకా వెళ్దామనుకున్నాం. ముందు రోజు రాత్రి నేను తిన్నది రెండు పుల్కాలు, కాస్త సొరకాయ కూర, అంతే. మాత్ర మాత్రం మామూలుగానే వేసుకున్నాను. వీయూడీఏ పార్కు దాటాం, తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు ఎక్కాం, బాగానే ఉంది. జోడుగుళ్ళపాలెం దాటాక కాళ్ళు నావి కానట్టు అనిపించింది. పక్కన పరిగెత్తే ఆయన ఏదో అడుగుతున్నాడు, వినపడుతోంది గానీ జవాబు నోటికి రావడం లేదు. ఊరికే కోపం వస్తోంది. చేతులు వణుకుతున్నాయి. చెమటలు పట్టాయా అంటే, వైజాగ్‌లో పరిగెత్తితే చెమట పట్టని రోజు ఏది చెప్పండి! అందుకే అది గుర్తుగా పనికి రాలేదు.

సాగర్ నగర్ దగ్గర టీ బండి ముందు కూలబడ్డాను. ఆ బండాయన నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. గ్లాసులో మూడు చెంచాల పంచదార వేసి, నీళ్ళు పోసి కలిపి ఇచ్చాడు. వాళ్ళ నాన్నకి షుగరట. ఇలా ఆయన్ని రెండుసార్లు చూశాడట. పది, పదిహేను నిమిషాలకి మనిషినయ్యాను. అంతసేపూ నా పక్క నుంచి వెళ్తున్న లారీల చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ఇంకో అర కిలోమీటరు మొండికేసి పరిగెత్తి ఉంటే రోడ్డు మీద ఎటు పడేవాణ్ణో.

మర్నాడు డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పరుగు గురించి కాదు, మాత్ర గురించి అడిగారు. నేను రాత్రి వేసుకునేది మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండూ కలిపిన మాత్ర. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు మరీ కిందికి పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. మనం తిన్నామా లేదా అని అది చూడదు, క్లోమం నుంచి ఇన్సులిన్‌ని బయటికి నెడుతూనే ఉంటుంది. దానికి తోడు పరిగెత్తే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరని లాగేసుకుంటాయి. ఇటు మాత్ర లాగుతోంది, అటు కాళ్ళు లాగుతున్నాయి. ఇచ్చేవాడు ఎవరు? కాలేయం ఒక్కటే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఈ సంగతి షుగరు లేనివాళ్ళకీ కావాలి. మనం తిన్న పిండిపదార్థాన్ని ఒంట్లో రెండుచోట్ల దాచుకుంటాం. కండరాల్లో ఎక్కువ, కాలేయంలో తక్కువ, నిండుగా ఉంటే ఓ 100 గ్రాములు అనుకోండి. కండరం తన దగ్గరున్నది తనే వాడుకుంటుంది, రక్తంలోకి తిరిగి ఇవ్వదు. మెదడుకి రాత్రంతా చక్కెర పంపేది కాలేయమే. రాత్రి 8కి తిని పొద్దున 5కి లేస్తే తొమ్మిది గంటలు గడిచాయి కదా, కాలేయం డబ్బాలో చాలా భాగం ఖర్చయిపోయి ఉంటుంది. కాళ్ళలో మాత్రం సరుకు అలాగే ఉంటుంది. అందుకే షుగరు లేని మనిషి పొద్దున్నే అరగంట, ముప్పావు గంట నెమ్మదిగా పరిగెత్తడానికి ఏమీ తినక్కర్లేదు. నీళ్ళు తాగి వెళ్ళొచ్చు. గంట దాటితే, లేదా గట్టిగా వేగంగా పరిగెత్తే రోజైతే, ఏదో ఒకటి పడాలి. అరగంట పరుక్కి అరటిపండు, రెండు ఖర్జూరాలు, ఎనర్జీ జెల్ అన్నీ మింగి వచ్చేవాళ్ళనీ చూశాను. అదీ అక్కర్లేదు.

ఏం తినాలి, ఎప్పుడు తినాలి? నా అనుభవంలో పొద్దున పరుక్కి అసలు టిఫిన్ ముందు రోజు రాత్రి భోజనమే. దూరం వెళ్ళే రోజుకి ముందు రాత్రి నేను ఇప్పుడు పుల్కాలతో సరిపెట్టను. అన్నం, పప్పు, కూర, పెరుగు, ఏడున్నరకల్లా. శనగలు, రాజ్మా, బాగా కారం, నూనె వేపుళ్ళు ఆ రాత్రికి వద్దు. ఎందుకు వద్దో పరిగెత్తేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డులో మధ్యలో సులభ్ కోసం వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించినవాళ్ళు మళ్ళీ ఆ తప్పు చెయ్యరు.

పొద్దున నాలుగున్నరకి లేచి ఇడ్లీ తినమని నేను చెప్పను. అరగంట ముందు ఒక అరటిపండు చాలు, మామూలు సైజు పండులో పాతిక గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. పడనివాళ్ళు నాలుగు చిన్న ఖర్జూరాలు తినొచ్చు. లేదా బ్రెడ్డు ముక్క, దాని మీద కాస్త తేనె. మా ఇంట్లో చోడి అంబలి ఉంటుంది, మీరు రాగి జావ అంటారు, అది సగం గ్లాసు పల్చగా తాగి వెళ్తాను. వేరుశనగలు, నెయ్యి, గుడ్డు, పాలు ఇవన్నీ తర్వాత. కొవ్వు, మాంసకృత్తులు కడుపులోంచి కదలడానికి టైం తీసుకుంటాయి, పరుగు మధ్యలో గొంతులోకి వస్తాయి. నిండుగా టిఫిన్ తిన్నారంటే రెండు మూడు గంటలు ఆగాల్సిందే. కాఫీ తాగొచ్చు, పరుక్కి మంచిదే. కాకపోతే పొట్ట కదిలిస్తుంది కాబట్టి ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు టైం ఉంచుకుని తాగండి.

గంటన్నర, రెండు గంటలు పరిగెత్తే రోజు మధ్యలో కూడా తినాలి. పుస్తకాల్లో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అంటారు. నేను బెల్లం పాకంతో చేసిన పల్లీ చిక్కీ తీసుకెళ్ళి చూశాను, దవడ నొప్పి పుట్టడం తప్ప ప్రయోజనం లేదు. ఇప్పుడు జేబులో ఖర్జూరాలు, గ్లూకోజ్ పొడి పొట్లం. ఏదైనా సరే, పోటీ రోజున కొత్తగా మొదలుపెట్టకండి. నాలుగు ఆదివారాలు మీ పొట్టకి అలవాటు చేశాకే పోటీకి.

సరే, మళ్ళీ నా షుగరు కథకి వస్తాను. డాక్టర్ గారు రాత్రి మాత్రలో గ్లిమిపిరైడ్ తీసేసి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచారు. మీటర్ జేబులో పెట్టుకుని పరిగెత్తమన్నారు. మొదట్లో నవ్వొచ్చింది, తెన్నేటి పార్కు గట్టు మీద కూర్చుని వేలు గుచ్చుకుంటుంటే వాకింగ్‌కి వచ్చినవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. కానీ ఆ అంకెలు నాకు చాలా నేర్పాయి. ఒకరోజు ఏమీ తినకుండా 118తో మొదలుపెడితే ఏడు కిలోమీటర్లకి 82. అదే దారి, అదే వేగం, అరటిపండు తిన్న రోజు 109. ఇంకోరోజు ఎత్తులో వేగంగా నాలుగు రౌండ్లు కొడితే మొదలుపెట్టినప్పటి కంటే పెరిగింది! కంగారు పడ్డాను. గట్టిగా పరిగెత్తినప్పుడు అడ్రినలిన్ వల్ల కాలేయం చక్కెరని వదులుతుందట, కాసేపటికి దిగుతుందట. దిగింది కూడా.

70 కంటే తగ్గితే మాత్రం పరుగు అక్కడితో ఆపాలి. 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్ళలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలు కూర్చుని, మళ్ళీ చూసుకోవాలి. ఇంకా తక్కువుంటే ఇంకోసారి. బిస్కెట్లు, చాక్లెట్లు ఆ టైంలో ఆలస్యం. కొన్ని రకాల బీపీ మాత్రలు గుండెదడని, వణుకుని కప్పిపెడతాయి, అవి వాడేవాళ్ళకి గుర్తులు ఆలస్యంగా తెలుస్తాయి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, నాలాంటి మాత్రలు వాడేవాళ్ళు ఈ ఎపిసోడ్ చూసి డోసు మీరే మార్చేసుకోకండి. "నేను పొద్దున ఐదింటికి ఇంతసేపు పరిగెత్తుతున్నాను" అని మీ డాక్టర్‌తో చెప్పండి. నేను రెండేళ్ళు చెప్పలేదు. ఆవిడ అడగలేదు కూడా, వాకింగ్ చేస్తున్నాడేమో అనుకున్నారు.

పరుగు అయ్యాక? ఇదివరకు ఇంటికొచ్చి స్నానం, పూజ, పేపరు అయ్యాక పదింటికి టిఫిన్. ఇప్పుడు గంటలోపు తింటాను. పెసరట్టు నాకు బాగా పడింది. 50 గ్రాముల పెసల్లో దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులుంటాయి, పక్కన ఒక ఉడికించిన గుడ్డు ఇంకో ఆరు. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగుతాను. ఉత్త ఇడ్లీలు నాలుగు తిన్న రోజు నా మీటరు బాగా పైకి ఎగిరింది, రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, గుడ్డు తిన్న రోజు అంత లేదు. ఇంకో సంగతి, దూరం పరిగెత్తిన రోజు సాయంత్రం కూడా షుగరు పడిపోవచ్చు. ఖాళీ అయిన కండరాలు గంటల తరబడి నింపుకుంటూనే ఉంటాయి. ఆ రోజు మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టడం నేను మానేశాను.

నా ఉపన్యాసాలు విన్న మా గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు, ఇన్సులిన్ మీద ఉన్నారు. నా సంగతి గ్రూపులో చెప్పిన రోజు ఆయన నన్ను పక్కకి పిలిచి, "మీరు చెప్పారనే నేనూ మూడు నెలలుగా ఏమీ తినకుండా వస్తున్నానండీ" అన్నారు. ఏం చెప్పాలో నాకు తెలీలేదు. ఆ వారమే ఆయన్ని వాళ్ళ డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం కలిసే పరిగెత్తుతాం. ఆయన జేబులో పంచదార పొట్లం ఉందో లేదో నేను చూస్తాను, నాది ఆయన చూస్తారు.

వచ్చే ఎపిసోడ్‌లో నీళ్ళు, ఉప్పు గురించి మాట్లాడుకుందాం, ఎండాకాలం వచ్చేస్తోంది.