పల్లె దుకాణము: నిలకడకు మూలము



ఒకే వీధిలో రెండు చిల్లర దుకాణములుండును. ఇద్దరికిని సరకు ఒకే పట్టణమునుండి వచ్చును. ధరలలో భేదముండదు. ఇద్దరును తెల్లవారకమునుపే తలుపు తీయుదురు. పదియేండ్లు గడచునప్పటికి ఒకడు దుకాణమును పెంచుకొనును. వేరొకడు తలుపు మూసి కూలికి పోవును. కారణమేమని యడిగినచో "వానికి కలిసివచ్చినది, వీనికి రాలేదు" అందురు. అదృష్టము బొత్తిగా లేదని నేను వాదింపను. ఇంటిలో రోగము, పొలములో కరవు ఎవరి చేతిలోనివియు కావు. అయినను ఈ తారతమ్యమునకు ముఖ్యకారణము గల్లాపెట్టెలోనే దొరకును. దుకాణమును నిలుపునది అమ్మకము కాదు. అమ్మిన సరకు వెల మరల పెట్టెకు చేరుట. నేను మనవి చేయదలచినది ఇంతే.

ఒక చిన్న లెక్క చూతము. 92 రూపాయలకు కొన్న సరకును 100 రూపాయలకు అమ్మినచో లాభము 8 రూపాయలు. ఆ నూరు రూపాయలు అరువుపడి మునిగిపోయినవనుకొనుడు. పోయినది లాభము మాత్రమే కాదు, వర్తకుడు చేతినుండి పెట్టిన 92 రూపాయలును పోయినవి. ఆ గుంట పూడుటకు అట్టి బేరములే మరి పండ్రెండు చేయవలెను. అనగా పదుముగ్గురు కొన్నవారిలో ఒక్కడు ఎగవేసినచో తక్కిన పండ్రెండుగురితో చేసిన బేరము దాదాపు వ్యర్థము. దుకాణమునిండ జనమున్నను వర్తకుడు చితికిపోవుటకు కారణమిదియే.

రెండవ లెక్క సొమ్ము తిరుగుటకు సంబంధించినది. ఇరువురికిని 50,000 రూపాయల చొప్పున మదుపు కలదనుకొందము. ఆ సరకు ఒక్కసారి అమ్ముడుపోయినచో 4,000 రూపాయలు మిగులును. ఒకడు ఊరివారికి నిత్యము కావలసిన బియ్యము, పప్పు, నూనె, సబ్బు తెచ్చి పదిదినములకొకసారి సొమ్ము త్రిప్పును. వానికి నెలకు 12,000 మిగులును. రెండవవాడు చౌకగా వచ్చినదని కదలని సరకు తెచ్చి అటకపై పేర్చును. వాని సొమ్ము నెలకొక్కసారియే తిరుగును. 4,000 మాత్రమే మిగులును. మదుపు సమానము, శ్రమ సమానము, ఫలము మూడవవంతు.

ఇక పెట్టెలోని సొమ్మంతయు తనదే యనుకొనుట మూడవ చిక్కు. సాయంకాలము పెట్టెలో 5,000 రూపాయలున్నచో అందులో నాలుగువేల ఆరువందలు రేపటి సరకు వెల. మిగిలిన నాలుగువందలలో అద్దె, దీపము, బండికూలి పోగా ఉన్నదే వాని సంపాదన. ఇది తెలిసినవాడు తనకు తాను నెలజీతమువలె కొంత నిర్ణయించుకొని, అంతకుమించి పెట్టె ముట్టడు. తెలియనివాడు పెండ్లి చదివింపులును, పండుగ బట్టలును పెట్టెనుండియే తీయును; సరకు కొరవడినప్పుడు గాని మేలుకొనడు. 2016వ సంవత్సరము మొదలుకొని ఫోనుద్వారా చెల్లించు పద్ధతి వ్యాపించినది. ఆ సొమ్ము ఇంటిఖాతాలో పడి కలిసిపోవుచున్నచో చిక్కు మరింత ముదురును. దుకాణమునకు వేరుగా ఒక బ్యాంకు ఖాతా ఉండుట మేలు.

అరువు విషయమున పూర్వమొక దేశములో జరిగినది వినదగియున్నది. ఇంగ్లండులో మాంచెస్టరు నగరమునకు సమీపమున రాచ్‌డేల్ అను ఊరు కలదు. అచటి పనివారు 1833లో తెరచిన సహకార దుకాణము అరువులవలన రెండేండ్లకే మూతపడెను. 1844 డిసెంబరు 21వ తేదీన 28 మంది సభ్యులు, 28 పౌనుల మూలధనముతో, మరల ఒక చిన్న దుకాణము తెరచిరి. పిండి, వెన్న, చక్కెర వంటి స్వల్పసరకే వారు పెట్టినది. ఈసారి మాత్రము చేతిలో రొక్కము లేనిదే సరకు ఇయ్యరాదని నియమము చేసికొనిరి. ఆ దుకాణము నిలిచి, లోకమునందలి సహకారోద్యమమునకు మార్గదర్శకమైనది.

మన పల్లెలలో ఈ నియమమును ఉన్నదున్నట్లు నడపుట కష్టము. రైతుచేతికి సొమ్ము పంట నూర్చినప్పుడే వచ్చును. కూలివానికి పని లేని దినములుండును. "నేడు నగదు, రేపు అరువు" అని పలక కట్టినంతమాత్రమున ఆకలిగొన్నవానిని పొమ్మనజాలము. కావున అరువునకు కట్టు ఉండవలెను. ఒక్కొక్క ఇంటికి ఇంతవరకే యని హద్దు, ఫలాని దినమునకని గడువు, ఇచ్చినప్పుడెల్ల పద్దుక్రింద పుచ్చుకొన్నవాని చేవ్రాలు, ఈ మూడును ఉండవలెను. చేవ్రాలు ఎందుకందురా? వర్తకుని పద్దుపుస్తకము ఒక్కటియే బాకీని రుజువు చేయుటకు చాలదని సాక్ష్యచట్టము చెప్పుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త చట్టమునందును ఈ సూత్రమే కలదు. 1963 నాటి కాలపరిమితి చట్టముచొప్పున ఇట్టి బాకీకి మూడేండ్లలో దావా వేయవలెను. ఆ గడువులోపల బాకీదారుడు వ్రాతమూలముగా ఒప్పుకొని చేవ్రాలు చేసినచో కాలము మరల మొదటినుండి లెక్కకు వచ్చును.

అరువులు రాక సొమ్ము చాలనప్పుడు వర్తకుడు అప్పునకు పరుగెత్తును. చేతికి 9,000 ఇచ్చి, దినమునకు 100 చొప్పున నూరుదినములు వసూలుచేయు పద్ధతి మీరెరిగినదే. పైకి వేయిరూపాయల వడ్డీయే. అయితే అసలు దినదినము తరుగుచుండుటచేత, ఏడాదికి లెక్కించినచో అది నూటికి 75కు మించును. అంతకంటె 2015 ఏప్రిల్ 8న ఆరంభమైన ముద్రా పథకముక్రింద బ్యాంకునడుగుట మేలు, తాకట్టు పెట్టనక్కరలేదు. కాని చిల్లుకుండలో ఎవరి నీరు పోసినను నిలువదు. అరువుల చిల్లు మూయక తెచ్చిన అప్పు, చౌకదైనను, భారమే యగును.

పెద్దలతో ఒక మాట చనువుగా మనవి చేయుచున్నాను. దుకాణదారుడు కూలివానిని వీధిలో నిలిపి బాకీ అడుగగలడు. పెద్దయింటి గడప ఎక్కి అడుగుటకు జంకును. అడిగినచో మర్యాద తప్పినదందురని భయము. అందుచేత పద్దులలో అన్నిటికంటె పాతదియు, పెద్దదియు నగు బాకీ ఒక్కొక్కచోట సొమ్ము లేనివానిది కాదు, తీర్పుచెప్పు అరుగుమీద కూర్చుండువానిది. మొదట మన యింటి పద్దు మనమే చూచి తీర్చివేసినచో ఊరిలో తక్కినవారికి చెప్పుటకు నోరు వచ్చును. వర్తకునికి అడుగుటకు ధైర్యము కలుగును.

ఆ దుకాణము మూతపడినచో మనకు పట్టణమునకు పోవుటకు బండియున్నది. పదిరూపాయల నూనె కొనుక్కొను ముసలమ్మకు లేదు. బస్సుకూలియే సరకు వెలను మించును. ఆమెకొరకైనను ఊరిలోని దుకాణమును నిలుపుకొనుట మన ధర్మము. ఈ మాసాంతమున ఆ పద్దుపుస్తకమును ఒకసారి తెప్పించి చూడుడని వేడుచు సెలవు తీసికొనుచున్నాను.