కారుకు వేసిన కడ్డీ
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీవితమంతా ఫైళ్ళు మోసిన గుమాస్తా కార్ల గురించి ఏం చెబుతాడని మీకనిపించవచ్చు. రిటైరయ్యాక గ్రాట్యుటీలో కొంత పెట్టి ఒక చిన్న కారు కొన్నాను. పదేళ్ళు దాటాక అది మలుపుల్లో ఊగడం మొదలెట్టింది. మా అబ్బాయి, "నాన్నగారూ, స్ట్రట్ బార్ వేయిద్దాం" అన్నాడు.

అదేమిటో చెబుతాను. జీపుకూ లారీకీ కింద ఛాసిస్ వేరుగా ఉంటుంది. చిన్న కార్లకు బాడీ రేకే అస్థిపంజరం. బానెట్ ఎత్తితే ఇరుపక్కలా ముందు చక్రాల సస్పెన్షన్ పైకొసలు బిగించిన గుబ్బలు కనబడతాయి. మలుపులో బరువు ఒకవైపు పడినప్పుడు అవి రవ్వంత కదులుతాయి; చక్రం వాలు మారుతుంది. ఆ రెంటినీ కలిపి బిగించే అడ్డకడ్డీయే స్ట్రట్ బార్. ఫైలు అట్టలు కదలకుండా టేపు కట్టినట్టన్నమాట.

బార్ వేయించి, ధీమాగా మా ఆవిడతో శ్రీశైలం బయలుదేరాను. దోర్నాల దాటి ఘాట్ ఎక్కాక ఒక మలుపులో బండి ఎదురు వరుసలోకి ఊగిపోయింది. ఎదుటి బస్సు డ్రైవరు చూసి ఆపబట్టి సరిపోయింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం, "నేను బస్సులో వస్తానండీ" అంది.

ఊరు చేరాక పాత మెకానిక్ బండిని జాకీ మీద లేపి, కింది ఆర్మ్‌కుండే రబ్బరు బుష్ చూపించాడు. పిగిలిపోయి ఉంది. "మోకాలు అరిగితే నడుముకు బెల్టు కట్టి ఏం లాభం సార్?" అన్నాడు. బుష్‌లు, అరిగిన టైర్లు మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించాకే బండి దారికొచ్చింది. తప్పు బార్‌ది కాదు, నాది.

కనుక మీ పిల్లలకు ఈ వరుస చెప్పండి. ముందు టైర్లు, గాలి, తర్వాత బుష్‌లు, షాక్ అబ్సార్బర్లు, అలైన్‌మెంట్, చివరికే బార్. అది స్టీరింగ్‌కు కాస్త కచ్చితత్వం ఇస్తుంది గాని, టైరుకు లేని పట్టు తెచ్చిపెట్టదు. బాడీకి రంధ్రాలు, వెల్డింగు ఒప్పుకోవద్దు. బండిలో మార్పుల సంగతి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో ఉంది. రవాణా కార్యాలయంలో, బీమా కంపెనీలో ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఇది గుమాస్తా మాట!

మొన్న కార్తీకంలో మా ఆవిడ మళ్ళీ కారెక్కింది. ఎక్కేముందు, "బండి కింద చూపించారా?" అని అడిగింది. మాట్లాడకుండా మెకానిక్ రసీదు చేతిలో పెట్టాను.

సెలవు.