చేయి చాచే ముందు చిట్టా చూసుకుందాం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో సొసైటీ కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



కుటుంబాలు నడిపే ధార్మిక సంస్థలను గ్రాంటు ఎలా అడగాలో నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము ఇందులో నిపుణులం కాము. ఒకసారి అడిగి లేదనిపించుకున్నాం, రెండోసారి అడిగి తెచ్చుకున్నాం. ఆ రెంటికీ మధ్య మేము నేర్చుకున్నదే మీ ముందు పెడుతున్నాం. ఇక్కడికి వచ్చిన పొరుగు ఊళ్ళ సొసైటీల వారికి కూడా పనికొస్తుందని ఆశ.

ముందుగా ఒక మాట. ఒక కుటుంబం తన ఆస్తిని మంచి పనికి కట్టి ఉంచడం మనకు కొత్త సంగతి కాదు. హజ్రత్ ఉమర్ (రజి) గారికి ఖైబర్‌లో మంచి భూమి దక్కినప్పుడు ఏం చేయమంటారని దైవప్రవక్త (స) వారిని అడిగారు. అసలును కదపకుండా ఉంచి దాని ఫలాన్ని పేదలకు అందించమన్న సలహా ప్రకారం నడుచుకున్నారు. వక్ఫ్‌కు మన పెద్దలు చూపే మొదటి ఉదాహరణల్లో అదొకటి. మన కాలానికి వస్తే, హకీం అబ్దుల్ హమీద్ గారు 1948లో హమ్‌దర్ద్ దవాఖానాను వక్ఫ్ చేశారు. హైదరాబాదులో ఏడో నిజాం 1954లో ధార్మిక ట్రస్టు పెట్టారు. జంషెడ్‌జీ టాటా 1892లోనే పైచదువులకు నిధి ఏర్పాటు చేస్తే, ఆయన కొడుకుల పేర్ల మీద 1919లో ఒక ట్రస్టు, 1932లో ఒక ట్రస్టు వచ్చాయి. మతాలు వేరైనా పద్ధతి ఒక్కటే: సంపద ఒక ఇంటిది, ఫలం పదిమందిది.

కంపెనీల సి.ఎస్.ఆర్. నిధులు వేరు, కుటుంబ సంస్థలు వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. కుటుంబ సంస్థ మీద అలాంటి నిర్బంధం లేదు. అక్కడ నిర్ణయించేది తండ్రి, తల్లి, పిల్లలు, బయటి నుంచి ఒకరిద్దరు పెద్దలు. ఆ ఇంట్లో ఎవరికో చదువు అందకపోయి ఉండవచ్చు, ఎవరినో జబ్బు తీసుకుపోయి ఉండవచ్చు. ఆ బాధ ఎటు లాగితే వాళ్ళ దానం అటు పోతుంది. కంటి ఆపరేషన్లకు ఇచ్చే కుటుంబాన్ని పెళ్ళిళ్ళ ఖర్చు అడిగితే ఇద్దరికీ కాలయాపనే. అందుకే అడిగే ముందు, వాళ్ళు ఇంతకు ముందు ఎవరికి ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎన్నేళ్ళు ఇచ్చారు అన్నది తెలుసుకోవాలి.

ఇక మా కథ. మన బాలికల హాస్టల్ ఎందుకు పెట్టామో మీకు తెలుసు. పదో తరగతి పాసైన పిల్లలకు ఊళ్ళో ఇంటర్ లేదు. రోజూ బస్సులో పంపే ధైర్యం తల్లిదండ్రులకు లేదు. చదువు ఆగిపోతుంది, ఏడాది తిరక్కుండా పెళ్ళి అయిపోతుంది. మూడేళ్ళ క్రితం ఇంటి యజమాని ఇల్లు అమ్ముతున్నాను, వేసవిలోగా ఖాళీ చేయండన్నాడు. అప్పటికి హాస్టల్లో ఇరవై రెండు మంది పిల్లలు. కొత్త ఇంటికి అడ్వాన్సు లేదు. వార్డెనమ్మకు మూడు నెలల జీతం బాకీ. ఆ కంగారులో ఒక కుటుంబ సంస్థకు దరఖాస్తు రాశాం. సొంత భవనానికి పాతిక లక్షలు అడిగాం.

రెండు నెలలకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇవ్వలేమన్నారు. మాకు కోపం వచ్చింది. మన పేరు చూసే కాదన్నారని మాలో కొందరం అనేశాం. ఆ మాట బజారు దాకా పోయింది. అప్పుడు మాలో ఒక పెద్దాయన, రిటైరైన హెడ్‌మాస్టరు గారు, "వాళ్ళ జవాబు సంగతి తర్వాత, ముందు మనం రాసింది చదవండి" అన్నారు.

చదివాం. పద్నాలుగు పేజీల్లో తొమ్మిది పేజీలు సన్మానాలు, శాలువాలు, నాయకులతో ఫోటోలు. పిల్లల గురించి పేజీన్నర. రెండేళ్ళుగా ఆడిట్ కాలేదు. భవనం కడతామన్న స్థలం మస్జిద్ కింద ఉన్న వక్ఫ్ స్థలం. దాని మీద కట్టడానికి బోర్డు అనుమతి కావాలి. మేము తీసుకోలేదు, అడగనూ లేదు. హాస్టల్ నెల ఖర్చు ఎంత అన్న గడిలో "సుమారు" అని రాసి ఒక అంకె వేశాం. చదువుతుంటే మాకే సిగ్గేసింది. బజారులో అన్న మాటను మేమే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. దరఖాస్తులు కాదనేవాళ్ళలో పక్షపాతం ఉన్నవాళ్ళు ఉండరని కాదు. మన కాగితాలు సరిగ్గా ఉంటే తప్ప ఆ మాట అనే హక్కు మనకు రాదు.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ దేని గురించి? సూరె బఖరా 282వ ఆయత్. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు చిన్నదైనా పెద్దదైనా రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని చెప్పే ఆయత్. మేము దాన్ని చదివి పుణ్యం అనుకున్నాం గానీ, మన చిట్టా పుస్తకానికి అన్వయించుకోలేదు.

ఇంటి యజమాని కాళ్ళావేళ్ళా పడి, అద్దె పెంచి, ఒక ఏడాది గడువు తెచ్చుకున్నాం. ఆ ఏడాదిలో చేసిన పనులు ఇవి. ఆడిట్ పూర్తి చేయించాం. 2001 సొసైటీల చట్టం కింద ప్రతి ఏటా ఇవ్వవలసిన కార్యవర్గం జాబితా, లెక్కలు రిజిస్ట్రారుకు ఇచ్చాం. పాన్, 12ఎ, 80జి, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు అన్నీ ఒక ఫైలులో పెట్టాం. 12ఎ, 80జి గడువు తీరేవి. తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. జకాత్ ఖాతాను, మామూలు విరాళాల ఖాతాను విడదీశాం. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలు చెప్పింది. దాన్ని అద్దెకో, జీతానికో వాడవచ్చా అన్నది ఉలమాలను అడిగి తేల్చుకోవలసిన విషయం. ఒకే డబ్బాలో వేస్తే అడగడానికి కూడా వీలుండదు.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల గురించి కూడా చెప్పాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా అది తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, అనుమతి ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును ఇంకో సంస్థకు మళ్ళించకూడదు. "వాళ్ళ ఖాతాలో వేయించి తెచ్చుకుందాం" అనే సలహా ఎవరిచ్చినా వినకండి.

రెండో దరఖాస్తు వేరే కుటుంబ సంస్థకు రాశాం. నాలుగు పేజీలు. భవనం అడగలేదు. ఇంటి అడ్వాన్సు, వార్డెను జీతం, మూడేళ్ళ భోజనం ఖర్చులో సగం అడిగాం. మిగతా సగం ఎక్కడిది అన్నది కూడా రాశాం. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎంతమంది మధ్యలో వెళ్ళిపోయారు, ఎందుకు వెళ్ళారు అన్నీ ఉన్నవున్నట్టు రాశాం. ఐదుగురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయారన్నది కూడా దాచలేదు.

వాళ్ళ తరఫున ఒకమ్మాయి చూడటానికి వచ్చింది. ఇక్కడ మళ్ళీ పొరపాటు చేశాం. పిల్లలకు కొత్త దుస్తులు వేయించి వరుసగా కూర్చోబెట్టాం, స్వాగత గీతం నేర్పించాం, బిర్యానీ చేయించాం. ఆ అమ్మాయి గీతం విని, చిరునవ్వు నవ్వి, "బాత్‌రూములు చూడవచ్చా?" అంది. తర్వాత హాజరు పట్టీ అడిగింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, బియ్యం బస్తాల మీద ఉన్న పొడుగాటి నోటుపుస్తకం ఏమిటని అడిగింది.

అది పిడికెడు బియ్యం పుస్తకం. మన మొహల్లాల్లో అమ్మలు ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు బియ్యం డబ్బాలో వేస్తారు. నెలకోసారి ఇద్దరు పెద్దమ్మలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, ఎవరింటి నుంచి ఎన్ని శేర్లు వచ్చాయో రాస్తారు. ఒక నెల ఒక ఇంటి ముందు సున్నా ఉంది. పక్కన "పని దొరకలేదు" అని రాసి ఉంది. తర్వాతి నెల అదే ఇంటి నుంచి రెట్టింపు వచ్చింది. మేము దరఖాస్తులో ఈ సంగతి రాయలేదు. పెద్ద సంస్థకు పిడికెడు బియ్యం గురించి ఏం చెబుతాం అనుకున్నాం. ఆ అమ్మాయి ఆ పుస్తకం పేజీలన్నీ ఫోటో తీసుకుంది. మీ దరఖాస్తులో అన్నిటికంటే బలమైన కాగితం ఇదేనని వాళ్ళు తర్వాత మాతో అన్నారు.

గ్రాంటు వచ్చింది. మూడేళ్ళు అడిగితే రెండేళ్ళకిచ్చారు. షరతులు కూడా పెట్టారు. మొదటిది, పేద పిల్లలు ఎవరు వచ్చినా చేర్చుకోవాలని. దీని మీద కార్యవర్గంలో రెండు సమావేశాలు వాదన జరిగింది. చివరకు మన బైలా తీసి చూస్తే అందులో "పేదలు" అనే ఉంది. ఒక్క మతం వారికే అని రాసుకున్న సంస్థకు 80జి ఇవ్వరన్నది కూడా అప్పుడే తెలిసింది. ఈ రోజు హాస్టల్లో నలుగురు ముస్లిమేతర పిల్లలున్నారు. వాళ్ళ ఇళ్ళ నుంచి కూడా బియ్యం వస్తున్నాయి.

రెండోది, తమ వార్షిక నివేదికకు తండ్రి లేని ఒక పిల్ల ఫోటో, ఆమె కథ పంపమన్నారు. దీనికి మేము ఒప్పుకోలేదు. రేపు ఆ పిల్ల ఉద్యోగానికి వెళ్ళినా, పెళ్ళి సంబంధం వచ్చినా ఆ ఫోటో ఎదురవుతుంది. డబ్బు ఆగిపోయినా సరే అనుకుని, మర్యాదగా కారణం రాశాం. వారం రోజులు మాలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. "మీరు చెప్పింది నిజం, పిల్లలు రాసిన వ్యాసాలు పేర్లు లేకుండా పంపండి" అని జవాబు వచ్చింది. ఇచ్చేవారికి కాదని చెప్పడం అమర్యాద కాదని ఆ రోజు తెలుసుకున్నాం.

మూడోది చిన్న విషయమే గానీ మీరంతా అడుగుతారు. గ్రాంటు సొమ్ము బ్యాంకులో ఉన్నన్నాళ్ళు వడ్డీ పడుతుంది. దాన్ని ఏం చేయాలని ముందే రాసి అడిగాం. లెక్క చూపించి మిగులుతో పాటు తిప్పి పంపమన్నారు. అలాగే పంపుతున్నాం. ఏ సందేహమైనా సంతకానికి ముందే అడిగితే గౌరవం, తర్వాత అడిగితే తగాదా.

సోదర సోదరీమణులారా, ఆ రెండేళ్ళలో ఒక ఏడాది అయిపోయింది. "మా డబ్బు ఆగిన తర్వాత ఎలా?" అని వాళ్ళు మొదటి రోజే అడిగారు. "మా వాళ్ళు ఉన్నారు" అని రాసి సంతకం చేశాం. ఆ సంతకం మీ అందరి తరఫున చేశాం. ఇప్పుడు ఈ సభలో మిమ్మల్ని అడగవలసింది అదే. వచ్చే జూన్ నాటికి వార్డెనమ్మ జీతం మన చందాలతోనే నిలబడాలి. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర బల్ల మీద రిజిస్టరు ఉంది. నెలకు యాభై రూపాయలైనా సరే, ఇవ్వగలిగినంతే రాయండి. రాసింది మాత్రం తప్పకుండా ఇవ్వండి. పక్కనే ఖాళీ బియ్యం డబ్బాలు కూడా ఉన్నాయి. డబ్బు లేనివారు డబ్బా తీసుకువెళ్ళండి.

గ్రాంటు కూడా అమానతే, పిడికెడు బియ్యం కూడా అమానతే. రెంటికీ హిసాబు ఉంది, ఇక్కడా, అక్కడా. ఆ లెక్క సరిగ్గా అప్పజెప్పే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.