దొడ్డికి పైకప్పు



ఈ దినము మీ మనస్సులను లడఖ్ కొండలకు తీసుకొని వెళ్లాలని ఆశిస్తున్నాను. ఎడారి అనగానే మనకు ఇసుక, మండుటెండ గుర్తుకొస్తాయి. లడఖ్ కూడా ఎడారే, కానీ అది చలి ఎడారి. లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. హిమాలయాలు మేఘాలను అడ్డగించుట వలన అక్కడ సంవత్సరమంతటికీ వానయు మంచును కలిపి సుమారు 100 మిల్లీమీటర్లే.

అట్టి చోట ఏమి బ్రతుకుతుంది? నిట్టనిలువు బండలమీద కొండమేకలు, నీలి గొర్రెలు మేస్తాయి. వాటిని వేటాడి మంచు చిరుత జీవిస్తుంది. యోబు గ్రంథము 38, 39 అధ్యాయములు చదవండి. మనుష్యులు లేని చోట వాన కురిపించువాడు, కొండమేకలు ఈనే కాలమును ఎరిగినవాడు దేవుడేనని అక్కడ గ్రహిస్తాము.

అయితే ప్రియులారా, ఆ కొండల్లో కాపరులు కూడా ఉన్నారు. గొర్రెలు, మేకలే వారి ఆస్తి. రాళ్లతో కట్టిన దొడ్డికి పైకప్పు లేకపోతే, రాత్రివేళ చిరుత గోడ దూకి లోపలికి వస్తుంది. బెదిరిన మంద బయటికి పోలేక పరుగెత్తుతుంటే ఒక్క రాత్రిలో అనేకమైన వాటిని చంపివేస్తుంది. తెల్లవారి తలుపు తీసిన కాపరికి ఏమి మిగిలింది? అతడు కోపంతో రాయి ఎత్తితే మనమేమి బోధిస్తాము? చిరుత దేవుని సృష్టి, చంపవద్దు అని చెప్పుట సులభమే. నష్టము మనది కాదు గదా!

చిరుతను కాపాడగోరినవారు అక్కడ బోధతో ఆగలేదు. గ్రామస్థులతో కలిసి దొడ్లపైన ఇనుప వల పరచి, గట్టి తలుపులు పెట్టారు. 1981లో ఏర్పడిన హెమిస్ జాతీయ వనములోని గ్రామాల్లో యాత్రికులకు తమ ఇండ్లలోనే బస, భోజనము ఇచ్చి కుటుంబాలు ఆదాయము పొందుచున్నాయి. స్పితి లోయలోని కిబ్బర్ గ్రామస్థులు 2002లో పశువుల బీమా ఆరంభించారు. అందరూ కొంత సొమ్ము వేస్తారు, పశువును పోగొట్టుకొన్నవానికి అందులోనుండి పరిహారం ఇస్తారు. 2024లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో 718 మంచు చిరుతలు ఉంటే, వాటిలో 477 లడఖ్‌లోనివే.

తప్పిపోయిన ఒక్క గొర్రె కొరకు వెదకిన కాపరిని గూర్చి మన ప్రభువు చెప్పాడు. ఆయన దృష్టిలో ఒక్క గొర్రె కూడా చిన్నది కాదు. ఆ కాపరి కన్నీరు ఆయనకు లెక్కే, చిరుత ప్రాణమూ ఆయనకు లెక్కే.

ప్రియ శ్రోతా, చిత్తూరు ప్రాంతంలో ఏనుగులు చెరకు తొక్కివేసినప్పుడు, అడవిపందులు వేరుశెనగను పెకలించినప్పుడు ఆ రైతు మన సంఘములోనే కూర్చుని ఉండవచ్చు. అతనికి ఓర్పును గూర్చి చెప్పకముందు, అతని భారములో నీ వంతు ఎంతో ఆలోచించు. కంచె వేయుటకు ఒక దినము నీవు వెళ్లగలవా?

అట్టి మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.