శిక్షకులు మారినను శిక్షణ నిలువవలెను
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

క్రీడా బహుమతులు పంచిన పిదప నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. గెలిచిన పిల్లలను ఇదివరకే అందరును మెచ్చుకొనిరి. కావున మేము ఆట నేర్పు పెద్దలను గూర్చి చెప్పదలచితిమి.

అమెరికాలో ఫుట్‌బాల్ అనునది మనమెరిగిన కాలిబంతి కాదు. కోలబంతిని చేతబట్టి పరుగిడుచు, విసరుచు, పదునొకండుగురు పదునొకండుగురితో తలపడు ఆట. అచ్చట కాలేజీ జట్లకు గొప్ప ఆదరము గలదు. ప్రతి జట్టుకును ఒక ప్రధాన శిక్షకుడు, ఆయన క్రింద దాడికొకరు, రక్షణకొకరు, ఇంకను పలువురు ఉపశిక్షకులు ఉందురు. ఇందరు పెద్దలు ఒకచోట చేరినచో అభిప్రాయభేదములు తప్పవు గదా!

అలబామా విశ్వవిద్యాలయపు జట్టును తీసికొందము. 2007 నుండి 2023 వరకు నిక్ సేబన్ గారు దానికి ప్రధాన శిక్షకులు. వారి కాలమున ఆ జట్టు ఆరు పర్యాయములు జాతీయ విజేత యైనది. 2014లో లేన్ కిఫిన్ గారు దాడి విభాగపు శిక్షకులుగా చేరిరి. మైదానపు అంచున వేలాది జనుల యెదుట సేబన్ గారు ఆయనను గద్దించుట పలుమారులు జరిగినది. అయినను వారిరువురును కలసి పనిచేసిన 2015 ఆటకాలమున జట్టు జాతీయ విజేత యైనది. కాబట్టి అభిప్రాయభేదమే చేటని మేము చెప్పజాలము.

2016 డిసెంబరులో కిఫిన్ గారికి వేరొక విశ్వవిద్యాలయమున ప్రధాన శిక్షక పదవి లభించినది. అంతిమ పోటీకి వారము దినములుండగా, 2017 జనవరి 2వ తేదీన, ఆయన వైదొలగినట్లు ప్రకటన వెలువడినది. అప్పటికే ఆ జట్టులో పనిచేయుచున్న స్టీవ్ సార్కిషన్ గారు బాధ్యత వహించిరి. ఆ పోటీలో ఒక్క సెకండు మిగిలియుండగా క్లెంసన్ జట్టు 35-31తో గెలుపు దక్కించుకొనినది. శిక్షకుని మార్పువలననే ఓడిరని తీర్పు చెప్పుట న్యాయము కాదు. కాని జేలెన్ హర్ట్స్ అను విద్యార్థి స్థితిని తలపోయుడు. అప్పటికి ఆతనికి 18 ఏండ్లు. మొదటి సంవత్సరముననే జట్టు దాడిని నడపు స్థానము ఆతనిది. కిఫిన్, సార్కిషన్, 2017లో బ్రయన్ డేబోల్, 2018లో మైక్ లాక్స్‌లీ: మూడు ఆటకాలములలో నలుగురు గురువులు!

అయినను జట్టు చెదరలేదు. 2018 జనవరిలో జార్జియాను 26-23తో ఓడించి మరల విజేత యైనది. ఇందులకు కారణములనేకము. వానిలో ఒకటి మనము గ్రహింపదగినది. జట్టులో వాడుకలోనున్న సంకేతపదములను కొత్తగా వచ్చిన శిక్షకుడే నేర్చుకొనవలెననుట సేబన్ గారి పద్ధతి. అనగా మార్పువలన కలుగు భారమును పిల్లలపై మోపక, పెద్దలే మోసిరి.

ఇక మన సంగతి. ఇతర భాషల నడుమ నడచు తెలుగు పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు వెడలినచో ఇంకొకరు దొరకుట సులభము కాదు. మెరుగైన పదవికి పోవువారిని మేము తప్పుపట్టము. వారికిని సంసారములు గలవు. అయినను వారికి మా విన్నపము: పరీక్షలు ముగియువరకు నిలువగలిగినచో నిలువుడు. ఏ పాఠము ఎంతవరకు జరిగినది, ఏ పిల్లవాడు లెక్కలలో వెనుకబడినాడు, ఎవనికి ఒత్తులు పలుకవు అను వివరములు ఒక పుస్తకమున వ్రాసి పాఠశాలలో నుంచి పొండు. కొత్తగా వచ్చువారు మొదట ఆ పుస్తకమును చదివి, పిదపనే తమ పద్ధతి మొదలిడుదురు గాక. మనలో మనకు మాట పట్టింపులున్నచో ఉపాధ్యాయుల గదిలోనే తీర్చుకొందము. తరగతి గుమ్మమును అవి దాటరాదు.

విద్యార్థులారా! గురువు మారెనని చదువు మానకుడు. వెళ్లిన వారిని మరువకుడు, వచ్చిన వారిని వారితో పోల్చి చిన్నబుచ్చకుడు.