బడి అంటే కడుపునొప్పి

(అక్షర కేంద్రంలో తల్లుల సమావేశంలో ఒక అక్క చేసిన ప్రసంగం)



నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. మీలాగే రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. పిల్లల భయాల గురించి మాట్లాడమని ఈరోజు నన్ను పిలిచారు. భయం గురించి చెప్పడానికి నేను తగినదాన్నే. ఈ మైకు ముందు నిలబడితే నాకూ కాళ్లు వణుకుతున్నాయి!

మా చిన్నది మూడో తరగతి చదివేటప్పటి మాట. రోజూ పొద్దున్నే "అమ్మా, కడుపునొప్పి" అనేది. వాము నీళ్లు తాగించాను. దిష్టి తీశాను. డాక్టరుకు చూపించాను. కడుపులో ఏ జబ్బూ లేదన్నారు. ఆదివారం మాత్రం నొప్పే ఉండేది కాదు. "దొంగ వేషాలు వేస్తున్నావా?" అని ఒకరోజు కొట్టాను. రెక్క పట్టుకుని బడిదాకా ఈడ్చుకుపోయాను. నాకు కూలికి పోయే టైము మించిపోతోంది మరి. బడి గేటు దగ్గర దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. అరచెయ్యంతా చెమట. వేషాలు వేసే పిల్లకు చెయ్యి ఇలా చల్లబడదు కదా అనిపించింది. ఆ రోజంతా పనిమీద మనసు నిలవలేదు.

రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని అడిగాను. "బళ్లో ఏమవుతోందమ్మా?" చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు. అప్పుడు చెప్పింది. పాఠం పైకి చదవమంటే తడబడుతుందంట. పిల్లలు నవ్వుతారంట. తన వంతు ఎప్పుడొస్తుందోనని పొద్దున్నుంచీ గుబులంట.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. రాత్రి బడిలో నన్ను మొదటిసారి బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు ఏమయింది? గొంతు ఎండిపోయింది. సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. మర్నాడు తలనొప్పి అని చెప్పి ఎగ్గొట్టాను. మీలో అలా ఎగ్గొట్టినవాళ్లు ఎంతమంది? చెయ్యెత్తండి. చూశారా! పెద్దవాళ్లం మనమే అలా ఉంటే, ఎనిమిదేళ్ల పిల్ల సంగతేమిటి?

భయపడటం తప్పు కాదు. పాము కనిపిస్తే గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి వేగంగా ఆడుతుంది. పారిపోవడానికి ఒళ్లు సిద్ధమవుతుంది. ఆ భయం మనల్ని కాపాడుతుంది. కానీ పాఠం చూసినా, పరీక్ష అన్నా ఒళ్లు అలాగే సిద్ధమైతే? కడుపులో తిప్పుతుంది. తల నొస్తుంది. అది నిజం నొప్పే. నటన కాదు. కొందరు పిల్లలు పక్క తడుపుతారు. కొందరు గోళ్లు కొరుకుతారు. కొందరు తల్లి కొంగు వదలరు. కొందరు అయినదానికీ కానిదానికీ కోప్పడతారు. ఆ కోపం వెనక కూడా భయం ఉండవచ్చు.

మరి మనం ఏం చెయ్యాలి?

మొదటిది, వినాలి. "ఇంతదానికే భయమా?" అనకూడదు. "నీకు భయంగా ఉంది కదూ" అనాలి. తన భయం అమ్మకు అర్థమైందంటే పిల్లకు సగం బరువు దిగుతుంది.

రెండోది, ఊపిరి ఆట. వేడి గంజిని ఎలా ఊదుకుంటాం? అలాగే ముక్కుతో మెల్లగా పీల్చి, నోటితో ఇంకా మెల్లగా ఊదమనాలి. అయిదారుసార్లు చేస్తే గుండెదడ నెమ్మదిస్తుంది. దీన్ని పిల్ల సంతోషంగా ఉన్నప్పుడే నేర్పాలి. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే ఏం లాభం?

మూడోది, మెట్టు మెట్టుగా ఎక్కించాలి. భయం అన్నారని బడి మాన్పించకూడదు. మానిన రోజు హాయిగానే ఉంటుంది. మర్నాడు భయం ఇంకా పెరుగుతుంది. మా చిన్నది ముందు నా దగ్గర ఒక్క వాక్యం చదివింది. తర్వాత నాయనమ్మకు చదివి వినిపించింది. ఆ తర్వాత పక్కింటి పిల్లకు. నేను టీచరమ్మతో మాట్లాడాను. "రేపు ఏ వాక్యం అడుగుతానో ముందే చెబుతాను" అన్నారు ఆమె. నవ్విన పిల్లల్ని కూడా మందలించారు.

నాలుగోది, మనమే భయం పెట్టకూడదు. "అన్నం తినకపోతే బూచోడొస్తాడు", "మీ టీచరుతో చెబుతా", "పక్కింటి పిల్లను చూసి సిగ్గు తెచ్చుకో". ఈ మాటలు నేనూ అన్నాను. ఇప్పుడు మానుకున్నాను.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. కొన్ని భయాలకు నిజమైన కారణం ఉంటుంది. ఎవరైనా కొడుతున్నారేమో. ఎవరైనా చెడుగా ముట్టుకుంటున్నారేమో. అప్పుడు పిల్లకు ధైర్యం చెబితే చాలదు. ఆ తప్పును ఆపాలి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించి వేధించకూడదు అని అందులో ఉంది. పిల్లలకు ఆపద ఉంటే 1098కు ఫోను చెయ్యండి. డబ్బు ఖర్చు కాదు. రాత్రయినా పలుకుతారు.

గుబులు వారాల తరబడి తగ్గకపోతే, తిండీ నిద్రా మానేస్తే, ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. 14416కు ఫోను చేసినా మనసు బాధలకు సలహా చెబుతారు. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇది 2022లో మొదలైంది. ఇలా అడగడం సిగ్గుపడే పని కాదు. జ్వరమొస్తే చూపించమా?

మా చిన్నది ఇప్పుడు అయిదో తరగతి. భయం పూర్తిగా పోయిందని చెప్పను. పరీక్ష రోజున చేతులు ఇంకా చల్లబడతాయి. కానీ తనే కాసేపు ఊదుకుని లోపలికి వెళుతుంది. ఈరోజు నేను బయలుదేరుతుంటే నాతో ఏమందో తెలుసా? "అమ్మా, మైకు ముందు భయమేస్తే గంజి ఊదుకో" అంది.

మీరు రాకముందు ఊదుకున్నాను. అందుకే ఇంతసేపు మాట్లాడగలిగాను.

ఈ రాత్రి మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. "బళ్లో ఏమవుతోందమ్మా?" అని అడగండి. అడిగి, కాసేపు ఊరుకోండి. వాళ్లు చెబుతారు.

సెలవు.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. చిన్నప్పుడు మీకు దేనికి భయం వేసేది? అప్పుడు ఎవరు తోడు నిలిచారు?
2. పిల్లల్ని భయపెట్టే మాటలు మీ ఇంట్లో ఏవి ఉన్నాయి? వాటి బదులు ఏమనవచ్చు?
3. 1098, 14416 నంబర్లను మీ చేత్తో రాసి గోడకు అంటించండి.