మన ఇప్పసారా నేరం, వాళ్ల బీరు ఆదాయం: ఎందుకట్లా?

(మల్కాజ్‌గిరిలో అద్దె గదుల్లో ఉండి చదువుకుంటున్న మన పిల్లల సమావేశంలో నేను మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగితే రాసి పెడుతున్నా. చదివి మీ ఊరి గ్రూపుల్లో కూడా పెట్టండి.)

 

ముందే ఒక మాట. మందు తాగమని చెప్పడానికి నేను రాలేదు. తాగొద్దని నీతులు చెప్పడానికీ రాలేదు. ఒక ప్రశ్న అడగడానికి వచ్చాను.

పోయిన ఎండాకాలం ఇక్కడే, మల్కాజ్‌గిరిలో, మా గదిలో జరిగింది చెప్తా. పరీక్ష అయిపోయిన రోజు. నలుగురం కూర్చున్నం. ఒక తమ్ముడు కింగ్‌ఫిషర్ సీసాలు తెచ్చాడు. మాటల్లో ఊరి పండుగ గుర్తొచ్చి నేను ఇప్పసారా మాట ఎత్తాను. ఆ తమ్ముడు నవ్వి, "అన్నా, అది అడవి మందు. బీరంటే ఒక స్టాండర్డ్ ఉంటది" అన్నాడు. వాడూ మన బిడ్డే. వాడు పుట్టినప్పుడు పెన్‌కు ధార పోసింది ఆ ఇప్పసారానే. వాడి మీద నాకు కోపం రాలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనది మనకే సిగ్గుగా ఎప్పుడు మారింది? ఎవరు మార్చారు?

అప్పటి నుంచి ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. ప్రపంచంలో చాలా దేశాలకు ఒక పేరున్న బీరు ఉంది. చైనాలో స్నో. అమ్మకంలో ప్రపంచంలోనే అతి పెద్ద బీర్లలో ఒకటి, కానీ చైనా దాటితే దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. అమెరికాలో ఏండ్ల తరబడి బడ్ లైట్‌దే మొదటి స్థానం. 2023లో మెక్సికో బీరు మోడెలో దాన్ని వెనక్కి నెట్టింది. మన దేశంలో కింగ్‌ఫిషర్. ఆ కంపెనీ పగ్గాలు 2021 నుంచి నెదర్లాండ్స్‌కు చెందిన హైనెకెన్ చేతిలో ఉన్నాయి. ఇవన్నీ చూసి మనం ఏమనుకుంటాం? జనానికి రుచి నచ్చింది, అందుకే అమ్ముడుపోతోంది అనుకుంటాం.

మరి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత మద్యం షాపులు ప్రభుత్వమే నడిపింది. అలవాటైన బ్రాండ్లు కనిపించకుండా పోయాయి. బూమ్ బూమ్ అనే బీరు వచ్చింది. జనం జోకులు వేసుకుంటూనే అదే తాగారు. 2024లో ప్రభుత్వం మారింది, పాత బ్రాండ్లు మళ్లీ వచ్చాయి. ఐదేండ్లలో ఆంధ్రోళ్ల నాలుక రెండుసార్లు మారిందా? నాలుక మారలేదు, పాలసీ మారింది.

తెలంగాణలో ఏ మందైనా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ కొని షాపులకు ఇవ్వాల్సిందే. 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ కంపెనీ సరఫరా ఆపేస్తున్నామని ప్రకటించింది. ధర పెంచడం లేదు, బకాయిలు ఇవ్వడం లేదు అన్నది వాళ్ల ఫిర్యాదు. పన్నెండు రోజులు టీవీల్లో అదే చర్చ. జనవరి 20న సరఫరా మళ్లీ మొదలైంది. ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. ఒక కంపెనీ అలిగితే ప్రభుత్వం కూర్చుని మాట్లాడింది. తప్పని నేను అనను. కానీ ఇప్పపువ్వుకు ధర రాలేదని మన ఆడోళ్లు అలిగితే ఏ టీవీ వచ్చింది? ఎవరు కూర్చుని మాట్లాడారు?

ఇంకొకటి గమనించండి. ఏ దేశంలో ఏ బీరు ఎక్కువ అమ్ముడుపోతుందన్న లెక్కల్లోకి వచ్చేది సీలు వేసి, పన్ను కట్టి, బిల్లు రాసిన సీసా మాత్రమే. ఇంట్లో కాసింది, చెట్టు నుంచి దించింది ఆ లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిదానికి విలువ ఉండదు. విలువ లేనిదాన్ని నేరం అనడం చాలా సులువు.

ఇది మన ఒక్కరి కథే కాదు. దక్షిణాఫ్రికాలో డర్బన్ అనే ఓడరేవు ఉంది. 1860 నుంచి మన తెలుగువాళ్లు కూడా చెరుకు తోటల్లో కూలీలుగా దిగిన ఊరు అది. అక్కడి ఆఫ్రికన్ ఆడవాళ్లు జొన్నలతో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు. 1908లో తెల్ల ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. దాని ప్రకారం డర్బన్‌లో జొన్న బీరు చేసే, అమ్మే హక్కు మున్సిపాలిటీ ఒక్కదానిదే అయింది. ఇంట్లో కాస్తే పోలీసులు కుండలు పగలగొట్టారు. మున్సిపాలిటీ బీరు హాళ్లు పెట్టి అదే జొన్న బీరును ఆ ఆడవాళ్ల మొగుళ్లకు అమ్మింది. ఆ లాభంతోనే నల్లవాళ్ల మీద పెత్తనం చేసే యంత్రాంగాన్ని నడిపింది. నల్లవాళ్లకు సీసా బీరు కొనే హక్కు 1962లో గానీ రాలేదు. 1959లో డర్బన్‌లోని కేటో మేనర్ ఆడవాళ్లు కట్టెలు పట్టుకుని బీరు హాళ్లలోకి వెళ్లి మగవాళ్లను బయటికి తరిమారు. 1976లో సొవెటోలో తిరగబడ్డ విద్యార్థులు బీరు హాళ్లకు నిప్పు పెట్టారు. మందు మీద మాత్రమే కాదు వాళ్ల కోపం. మన జొన్నలు, మన చేతి పని, మన కూలి డబ్బులు, వాళ్ల ఖజానా. కోపం అక్కడిది.

అంత దూరం ఎందుకు? గోదావరి పక్కన రంప కొండలకు రండి. మద్రాసు ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు పెట్టి, కొండవాళ్లు సొంతానికి కల్లు గీసుకోవడం కూడా తప్పు అన్నది. కల్లు మీద ఆదాయాన్ని కాంట్రాక్టర్లకు అప్పగించింది. పైనుంచి మన్సబ్‌దారు చిగురు పన్ను. 1879లో రంప తిరుగుబాటు లేచింది. కొండరెడ్లు, కోయలు పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు.  తాగుబోతుల గొడవ కాదది. మా చెట్టు మీద, మా కుండ మీద నీ హక్కేంది అని అడిగిన పోరాటం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే గంపలు పట్టుకుని ఇప్ప చెట్ల కిందికి పోయేది ఎవరు? మన అమ్మలు. పువ్వు ఎండబెడితే ఆకలి రోజుల్లో తిండి. గింజ పడితే నూనె. ఉట్నూరులో మన అక్కలు అదే పువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. పెన్‌కు మొక్కాలన్నా, చావు కార్యం చేయాలన్నా ఇప్ప ఉండాల్సిందే. కానీ లైసెన్సు లేకుండా సారా కాస్తే 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం.

మా పెద్దమ్మ ఇంట్లో పండుగకు ముందు రోజు కుండ పగలగొట్టారు. ఆమె అమ్ముకోవడానికి కాయలేదు. దేవుడి కోసం కాసింది. వచ్చిన జీపు తిరిగి పోయేటప్పుడు మా ఊరి బెల్ట్ షాపు ముందు నుంచే పోయింది. అక్కడ బీరు కేసులు బయటే పేర్చి ఉన్నాయి. బెల్ట్ షాపు కూడా చట్టం ప్రకారం నేరమే కదా? జీపు ఆగలేదు. పెద్దమ్మ ఆ రోజు ఏడవలేదు. "రేపు పెన్‌కు ఏం పోయాలె బిడ్డా, కింగ్‌ఫిషర్ పోయాలెనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో పక్క చూడండి. వైన్ షాపుల కేటాయింపులో ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. 2025లో ఒక్క దరఖాస్తుకు ఫీజు 3 లక్షలు. షాపు రాకపోయినా తిరిగి ఇవ్వరు. మన ఊళ్లో 3 లక్షలు పారేసుకోగల ఇల్లు ఎన్ని? మన పేరు ఎవరు వాడుకుంటారు, డబ్బు ఎవరు పెడతారు, మీకు నేను చెప్పక్కర్లేదు. మన అమ్మ కుండ నేరమట, మన పేరు మీద షాపు సంక్షేమమట!

ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. మందుతో మన ఊళ్లు పాడవుతున్నాయి. ఇప్పసారా అయినా మితం దాటితే విషమే. దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21)లో తెలంగాణ మగవాళ్లలో వందకు 43 మంది తాగుతారని తేలింది. అరుణాచల్ తర్వాత మనమే. అల్లూరి సీతారామరాజు కూడా మన్యంలో తాగుడు మానమని చెప్పాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచారు, 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997కల్లా సడలించారు. చివరికి సారా పోయింది, సీసా మిగిలింది. ఆడవాళ్లు అడిగింది తాగుడు పోవాలని. ప్రభుత్వం చివరికి తీసేసింది సారాను మాత్రమే.

అందుకే నా ప్రశ్న ఇది: మన ఊళ్లో ఏది ఉండాలి, ఏది ఉండొద్దు అని తేల్చేది ఎవరు?

జవాబు చట్టంలోనే ఉంది. 1996 పెసా చట్టం సెక్షన్ 4 చదవండి. మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని రాసి ఉంది. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యమూ అక్కడే ఉంది. ఇప్పపువ్వు అందులోదే. నిబంధనలు 2011లోనే వచ్చాయి. కాగితం ఉంది, గ్రామసభ కూర్చోవడమే లేదు.

కాబట్టి చదువుకున్న మనం చేయాల్సినవి మూడు. ఒకటి, ఈసారి ఊరికి పోయినప్పుడు పెసా కాపీ పట్టుకుపోండి. తెలుగులో చదివి వినిపించండి, మన భాషలో అర్థం చెప్పండి. రెండు, గ్రామసభ పెట్టించి బెల్ట్ షాపు మీద తీర్మానం రాయించండి. ఆ సభలో ముందు వరసలో ఆడవాళ్లు కూర్చోవాలి, ముందు వాళ్లే మాట్లాడాలి. మూడు, పూజకు, కార్యానికి ఎంత ఇప్పసారా, ఎవరు కాయాలి, అమ్మకం ఉండొద్దు అన్న కట్టుబాటు కూడా అదే సభలో రాసుకోండి. మన కట్టుబాటు మనం రాసుకోకపోతే వేరేవాళ్లు జీపులో తెస్తారు.

ఆ తమ్ముడికి కూడా ఇదే చెప్పాను. బీరు తాగడం మానుతావో లేదో నీ ఇష్టంరా. స్టాండర్డ్ అనే మాట మాత్రం ఆలోచించి వాడు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఆ పెసా కాపీ పంపు, మా ఊళ్లో సభ పెడుతున్నం" అన్నాడు.

మావ నాటే మావ రాజ్! మన ఊళ్లో మన రాజ్యం!

జై ఆదివాసీ!